అత్తయ్య చెయ్యి, నలభై రేడియోలు

మా అత్తయ్యకు ఈల అంటే పడదు. మనిషి వేసే ఈల కాదు, రేడియో వేసే ఈల. రెండు స్టేషన్లు మరీ దగ్గర దగ్గరగా వచ్చి ఒకదాన్నొకటి తోసుకున్నప్పుడు రేడియోలో సన్నగా, చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టు ఒక ఈల పుడుతుంది. జనం ఆ సెట్టును చంకలో పెట్టుకొని వచ్చి, మా షాపు బల్ల మీద దబ్బున పెట్టి, దానికి ఆ ఈల మేమే నేర్పినట్టు మా మీద ఎగురుతారు. అత్తయ్య ఒక్క మాట మాట్లాడదు. వెనక మూత తీసి, సెట్టును చెవికి ఆనించుకొని, కొప్పులోంచి ప్లాస్టిక్ సూది తీసి లోపల ఎక్కడో గోరంత తిప్పుతుంది. ఈల ఆగిపోతుంది. సూది మళ్లీ కొప్పులోకి పోతుంది. ముప్పై ఏళ్లుగా ఆమె చేసిన పనిలో సగం ఇదే.

అలాంటి మనిషి ఎదురుగా నిలబడి సంగీతం మాస్టారు, "అమ్మగారూ, నాకు ఈల కావాలి" అన్నాడు.

నేను అప్పుడు అరల దగ్గర విడిభాగాలు సర్దుతున్నాను. నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాను. ఆ నవ్వుకు తర్వాత రెండు నెలలు వడ్డీతో సహా ఏడ్చాను.

నాకు ముక్కు మీద కోపం. ఆ మాట ముందే చెప్పేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదకొండేళ్లయింది. అత్తయ్యతో నేను వాదించని వారం లేదు, ఆమె నాకు జవాబు చెప్పిన వారమూ లేదు. నేను అరుస్తాను, ఆమె పని చేసుకుంటుంది. అరిచి అరిచి నాకే విసుగొచ్చి ఏదో ఒక రాగితీగ కాయిల్ చుట్టడానికి కూర్చుంటాను. అలా కోపం మీద చుట్టిన కాయిళ్లతోనే నాకు ఈ పని వచ్చింది.

షాపంటే పెద్దదేమీ కాదు, మా ఇంటి ముందు గదే. వీధివైపు చెక్క తలుపులు, లోపల పొడవాటి బల్ల, బల్లకు కుడివైపు ఒక సొరుగు. ఆ సొరుగు ఎప్పుడూ జానెడు బయటికి లాగే ఉంటుంది. మొదట్లో అది మా మామయ్య షాపు. ఆయన్ను నేను చూడలేదు, నా పెళ్లికి ఏడాది ముందే పోయాడు. అత్తయ్య పంతొమ్మిదేళ్లప్పుడు ఈ ఇంటికొచ్చింది. ఆయనకు టీ తెచ్చి ఇచ్చేది, ఖాళీ గ్లాసు కోసం పక్కనే నిలబడేది. అలా ఆరేడేళ్లయ్యాక ఒకసారి ఏదో సెట్టు మూడు రోజులైనా ఆయనకు లొంగలేదట. గ్లాసు కోసం నిలబడ్డ అత్తయ్య, "ఎడమ మూలనుంచి చిటచిట వినపడుతోంది" అంది. ఆయన కస్సుమన్నాడు. కస్సుమంటూనే ఆ మూల చూశాడు. అక్కడ అతుకు విరిగి ఉంది. మామయ్య నోటినుంచి మెచ్చుకోలు రావడమంటే రాయికి చెమట పట్టడమే. మర్నాడు మాత్రం బల్ల పక్కన ఇంకో స్టూలు వేశాడు.

ఆ స్టూలు మీద ఆమె పద్దెనిమిదేళ్లు కూర్చుంది. చెవితోనే రోగం చెప్పేది. చివరి ఏడాదిలో మామయ్య చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆయన ఎవరికీ చెప్పలేదు. బ్యాటరీ సెట్లయితే ఫరవాలేదు గానీ, గోడకు తగిలించే కరెంటు సెట్లు వేరు. వాటి లోపల చెయ్యి ఒక్క అంగుళం పక్కకు పోతే చాలు. ఒక మధ్యాహ్నం చెయ్యి అలాగే పోయి, కరెంటు కొట్టి పడిపోయాడు. ఆ శబ్దానికి లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది మా ఆయన. తండ్రిని తనే ఎత్తాడు. అప్పటికే ప్రాణం లేదు.

అందుకే మా ఆయనకు ఒకే ఒక్క మాట. "అమ్మా, నీ చెయ్యి ఒక్కసారి వణికిందని తెలిస్తే చాలు, ఆ రోజే తలుపులకు తాళం వేస్తాను." డిపోలో బస్సు నడుపుతాడు, మామూలుగా మెత్తటి మనిషి. ఈ ఒక్క విషయంలో మాత్రం బండరాయి. ఆ తాళం కూడా కొని తలుపు వెనక మేకుకు తగిలించాడు. పన్నెండేళ్లుగా అది అక్కడే వేలాడుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. మాస్టారు రావడానికి ఆరు నెలల ముందే అత్తయ్య చెయ్యి వణుకుతోంది.

చాప కింద నీరులా వచ్చింది. మొదట కుడిచేతి వేళ్లు. గ్లాసు అందించేటప్పుడు టీ తొణికితే, "గ్లాసు కాలుతోంది" అనేది. స్క్రూ జారితే ఫ్యాను గాలి. పని చేసేటప్పుడు మోచేతిని ఆ సొరుగు అంచుకు గట్టిగా ఆనించుకునేది. సొరుగు జానెడు బయటికి ఎందుకుంటుందో అప్పుడు అర్థమైంది నాకు. టంకం వేసే పనిలో మాత్రం సొరుగు కూడా ఆదుకోలేదు. ఆమె వేసిన అతుకులు ఊడి, సెట్లు తిరిగి రావడం మొదలైంది. ముప్పై ఏళ్లలో ఆమె చేతి సెట్టు తిరిగి రావడమన్నది లేదు. రెండు సెట్లు తిరిగొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. మధ్యాహ్నం భోజనం చేసి ఆమె అరగంట నడుం వాల్చేది. ఆ అరగంటలో నేను సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, పొద్దున ఆమె వేసిన అతుకులన్నీ మళ్లీ వేసేదాన్ని. ఆమె లేచేసరికి ఐరన్ చల్లారిపోయి ఉండాలి, పొగ వాసన పోవాలి. కిటికీ తెరిచి చీర కొంగుతో విసిరేదాన్ని. నా ఇంట్లో నేనే దొంగలా తిరిగాను.

ఆమెకు చెప్పలేను, చెబితే ఆమె పరువు. ఆయనకు చెప్పలేను, చెబితే తాళం. తాళం పడితే అత్తయ్య ఏమవుతుందో నాకు తెలుసు. మంచాన పడి ఏడాది కూడా ఉండదు. అడకత్తెరలో పోకచెక్కలా నేను మధ్యలో ఇరుక్కున్నాను.

అలాంటి సమయంలో వచ్చాడు ఆ మాస్టారు. సంగీత కళాశాలలో పాఠాలు చెబుతాడు, ముప్పై అయిదేళ్లుంటాయి, తల దువ్వుకోడు. సంచిలోంచి రెండు చిన్న ట్రాన్స్‌మిటర్లు తీశాడు. అరచేతిలో పట్టేంత పెట్టెలు, పైన మూరెడు తీగ. వాటి గొంతు గది గోడలు దాటదు. రెండింటినీ దాదాపు ఒకే చోట ఉండేలా తిప్పి, మా బల్ల మీద రేడియో పెట్టాడు. ఈల మొదలైంది. అత్తయ్య మొహం చిట్లించింది. అప్పుడతను ఒక తీగ దగ్గరికి చెయ్యి తెచ్చాడు, ముట్టుకోకుండానే. ఈల గొంతు మారింది. చెయ్యి వెనక్కి తీస్తే పైకి పోయింది, దగ్గరికి తెస్తే కిందికి దిగింది. ఇంకా దగ్గరికి తెచ్చేసరికి బాగా లావై, గుడగుడమని, ఆగిపోయింది.

"రెండూ సరిగ్గా కలిసిపోయాయి. అందుకే ఈల లేదు" అన్నాడు.

"తెలుసు" అంది అత్తయ్య. కుర్చీలోంచి లేచి, తనూ చెయ్యి చాపింది. ఎడమ చెయ్యి. ఈల ఆమె చేతి వెంట పైకీ కిందికీ తిరిగింది. ముప్పై ఏళ్లుగా చంపుతున్న ఈలతో ఆమె ఆడుకోవడం నేను కళ్లారా చూశాను. ఆమె నవ్వింది. ఆమె పళ్లు చూసి ఎన్నాళ్లయిందో.

మాస్టారి ఆలోచన ఇది. ఒక హాల్లో నలభై మంది ఒళ్లో నలభై చిన్న రేడియోలు. మధ్యలో నాలుగు బల్లలు, నాలుగు జతల ట్రాన్స్‌మిటర్లు. నలుగురు మనుషులు ఆ తీగల దగ్గర చేతులు ఆడిస్తుంటే, పాట జనం ఒళ్లోంచి వస్తుంది. సెట్లన్నీ అత్తయ్య బాగుచేయాలి, ట్రాన్స్‌మిటర్లు ఆమె కట్టాలి. అంతవరకు బాగానే ఉంది. రెండు వారాలు పోయాక అతను ఇంకో మాట అన్నాడు.

"నాలుగో బల్ల దగ్గర మీరే కూర్చోండి అమ్మగారూ. చివరి ఆరు నిమిషాలు మీవి. మిగతా ముగ్గురూ ఆపేస్తారు. ఒక్క మీ ఈల మాత్రం కదలకుండా నిలబడాలి, గీత గీసినట్టు. ఆ తర్వాత చెయ్యి మెల్లగా తీగ దగ్గరికి తెచ్చి, దాన్ని కిందికి దించి, చంపేయాలి."

"చంపడం నాకు చేతనవును" అంది అత్తయ్య.

"కుడిచెయ్యి. తీగకు జానెడు దూరంలో, గాల్లో. మోచెయ్యి ఎక్కడా ఆనించకూడదు, జనానికి చెయ్యి కనపడాలి."

వద్దని చెబుతుందని చూశాను. ఆమె తల ఊపింది.

అతను వెళ్లాక నేను లేచాను. "ఎందుకు ఒప్పుకున్నారు? ఈ వయసులో మీకీ గంతులెందుకు? వద్దని కబురు పంపండి."

"ఎందుకు వద్దు?" అంది, నా కళ్లలోకి సూటిగా చూస్తూ.

చెప్పాల్సిన మాట నా నాలుక చివర ఉంది. మింగలేక, కక్కలేక నిలబడ్డాను. ఆమె చూపు తిప్పలేదు. "పనికిమాలిన పని, అందుకు" అన్నాను చివరికి. ఆమె సొరుగు లాక్కొని పనిలో పడింది.

ఆ కబురు విని మా ఆయన పొంగిపోయాడు. డిపో అంతా చాటాడు. నోట్లో నువ్వుగింజ నానదు ఆయనకు. "మా అమ్మ స్టేజీ ఎక్కుతోంది" అని కనపడిన వాడికల్లా చెప్పాడు. మా వీధిలో దర్జీ, ప్రెస్సు నడిపే ఆయన, మా దగ్గర సెట్లు బాగుచేయించుకునే వాళ్లు అందరూ వస్తామన్నారు. అంటే చెయ్యి వణికితే ఒక్క కొడుక్కే కాదు, మాకు తిండి పెట్టే ఊరందరికీ ఒకేసారి తెలుస్తుంది. అదీ కళ్లతో కాదు. ఒక్కొక్కరి ఒళ్లో, ఒక్కొక్కరి చెవిలో.

రోజూ సాయంత్రం షాపు కట్టేశాక ఆమె సాధన చేసేది. నేను వంటింట్లోంచి వినేదాన్ని. మొదటి నిమిషం ఈల నిలబడేది. రెండో నిమిషానికి దాని అంచు చిరిగేది. మూడో నిమిషానికి గడగడ వణికేది.

"బ్యాటరీ నీరసపడింది" అనేది అత్తయ్య, నేను గుమ్మంలోకి రాగానే.

కొత్త బ్యాటరీ వేసింది. మళ్లీ వణికింది. ఇంకోటి వేసింది. మళ్లీ అంతే.

"ఫ్యాను ఆపవే" అంది.

ఫ్యాను తిరగడం లేదు. నేను వెళ్లి తిరగని ఫ్యాను స్విచ్చి ఒకసారి వేసి, ఒకసారి ఆపి, వంటింట్లోకి వచ్చి కొళాయి విప్పి ఏడ్చాను.

కార్యక్రమం రోజు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి, కళాశాల హాల్లో. మధ్యాహ్నం అత్తయ్య స్నానానికి వెళ్లింది. ఆమె స్నానం ఇరవై నిమిషాలు. బల్ల మీద ఆమె ట్రాన్స్‌మిటర్ చెక్క పెట్టెలో ఉంది. ఐరన్ అప్పటికే వేడిగా ఉంది, నేనే ముందుగా పెట్టాను.

నేను చేసింది ఇది. తీగ దగ్గరికి చెయ్యి వస్తే, ఆ సంగతి తీగలోంచి లోపలి కాయిల్‌కు తెలిసి ఈల మారుతుంది. అందుకని కాయిల్‌కూ తీగకూ మధ్య మూడు కాళ్ల చిన్న ట్రాన్సిస్టర్ బిళ్లను కాపలా పెట్టాను. కాయిల్ మొత్తాన్ని రేకుతో కప్పి, ఆ రేకును రెండు స్క్రూలతో బిగించాను. ఇక తీగ దగ్గర చెయ్యి వణకనీ, గంతులేయనీ, లోపల కాయిల్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఈల గీత గీసినట్టు నిలబడుతుంది. చేత్తో పరీక్షించి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. చెక్క మూత మూసేశాను. స్నానాల గది గడియ తీసిన చప్పుడు వినపడేసరికి నేను వీధి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

హాలు మాకు మూడున్నరకు గానీ ఇవ్వలేదు. సరిచూసుకోవడానికి సమయం లేదు. అత్తయ్య నాలుగు జతలూ పలుకుతున్నాయో లేదో చెవితో విని, చాలు అంది. నేను నలభై సెట్లూ నలభై ఒళ్లలో పెట్టాను. మూడో వరసలో మా ఆయన, పక్కన డిపో వాళ్లు. ఆయనకు ఎర్ర సెట్టు ఇచ్చాను. "ఏ మీట నొక్కాలే?" అన్నాడు. బస్సు నడిపే మనిషికి రేడియో పెట్టడం రాదు. అన్నీ ముందే పెట్టి ఉన్నాయి, ఏదీ ముట్టుకోవద్దని చెప్పి, అత్తయ్య బల్లకు రెండు గజాల దూరంలో బ్యాటరీల బుట్ట పెట్టుకొని కూర్చున్నాను.

మొదలైంది. నాకైతే అది సంగీతమని ఎవరైనా చెబితే గానీ తెలియదు. ఒక మూల ఒళ్లలోంచి మూలుగు, ఇంకో మూలనుంచి పిట్టల గోల, మధ్యలో ఎవరో కుర్చీ ఈడ్చినట్టు శబ్దం. దర్జీ తన సెట్టును అనుమానంగా చూసి రెండుసార్లు తట్టాడు. కానీ పది నిమిషాలు పోయాక జనం తలలు వంచి తమ ఒళ్లోకే వినడం మొదలుపెట్టారు. అంతమంది అంత నిశ్శబ్దంగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరైనా దగ్గితే బాంబు పేలినట్టు అనిపించింది.

చివరికి ముగ్గురూ చేతులు దించేశారు. అత్తయ్య కుడిచెయ్యి పైకి లేచింది. నలభై సెట్లలో ఒకే ఈల మొదలైంది.

నేను ఆమె వేళ్లే చూస్తున్నాను. మొదటి నిమిషం ఫరవాలేదు. తర్వాత చిటికెన వేలు. తర్వాత మణికట్టు. వెనక వరసల వాళ్లకు కనపడదు గానీ, రెండు గజాల దూరంలో నాకు చక్కగా కనపడుతోంది, ఆ చెయ్యి గడగడ వణుకుతోంది. ఈల మాత్రం కదల్లేదు. దారం లాగి కట్టినట్టు నిలబడింది.

అత్తయ్య తన చెయ్యి చూసుకుంది. తల వంచి ఈల విన్నది. మళ్లీ చెయ్యి చూసుకుంది. వేళ్లు కావాలనే ఒకసారి ముడిచి తెరిచింది. ఈల మారలేదు. అప్పుడామె తల తిప్పి నావైపు చూసింది. తేలు కుట్టిన దొంగలా నేను బుట్టలోకి చూశాను.

ఆరు నిమిషాలయ్యాయి. గోడ పక్కన గడియారం పట్టుకొని నిలబడ్డ మాస్టారు తల ఊపాడు. అత్తయ్య చెయ్యి మెల్లగా తీగవైపు కదిలింది, ఈలను దించడానికి.

ఈల దిగలేదు.

అప్పుడు వెలిగింది నాకు. చెయ్యి వణికినా ఈలకు తెలియకూడదని రేకు కప్పాను. చెయ్యి దిగినా ఈలకు తెలియదు కదా. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు చేశాను. ఈ పాట ముగియాల్సిందే ఆమె చేత్తో, ఆ చేతినే నేను పాటలోంచి తీసి పారేశాను. ఆమె చెయ్యి తీగను దాదాపు ముట్టింది. ఈల అలాగే నిలబడి ఉంది, మొండిగా. మాస్టారి కనుబొమ్మలు దగ్గరపడ్డాయి. జనంలో కదలిక మొదలైంది. మా ఆయన, నేను ముట్టుకోవద్దన్న మీటను తిప్పబోయాడు.

బ్యాటరీ పీకేద్దామని నేను సగం లేచాను. అత్తయ్య నావైపు చూడకుండానే ఎడమచేతి రెండు వేళ్లు కిందికి చూపించింది. కూర్చో అని. కూర్చున్నాను. ఆమె చెక్క మూత ఎత్తింది. రేకు చూసింది. నా టంకం చూసింది. కొప్పులోని ప్లాస్టిక్ సూదితో స్క్రూ ఊడదు. ఆమె నావైపు అరచెయ్యి చాపింది.

ఇనుప స్క్రూడ్రైవర్ నా బుట్టలో ఉంది. తీసి, లేచి, దగ్గరికెళ్లి, "నేను విప్పుతాను అత్తయ్యా" అన్నాను గొంతు తగ్గించి.

"ఇవ్వు" అంది.

ఇచ్చాను. హాలంతా ఇప్పుడు ఆమె చెయ్యే చూస్తోంది. స్క్రూడ్రైవర్ మొన గాటిలో పడలేదు. రేకు మీద గీరుకుపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. మూడోసారి. ఆ ఈల కింద రేకు గీరుకునే చప్పుడు మొదటి వరస దాకా వినపడి ఉంటుంది. నాలుగోసారి మొన పట్టుకుంది. మొదటి స్క్రూ వచ్చింది. రెండోది చేతిలోంచి జారి కింద పడి, దొర్లుకుంటూ కుర్చీల కిందికి పోయింది. ఆమె రేకు తీసి బల్ల మీద పెట్టింది.

ఈల ఒక్కసారి గుభేలున కిందికి దూకి పైకి లేచింది. అత్తయ్య కుడిచేతిని ఆ కాయిల్ మీద, గాల్లో, అందరికీ కనపడేలా నిలబెట్టింది.

నలభై సెట్లూ వణికాయి.

ఒక్కొక్కరి ఒళ్లో ఆమె చెయ్యి వణికింది. దర్జీ తట్టడం మానేశాడు. ప్రెస్సు ఆయన సెట్టును రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను మా ఆయన్ను చూశాను. మొదట సెట్టు చూశాడు, తర్వాత తల ఎత్తి తల్లి చేతిని చూశాడు. ఆయనకు అర్థమైంది. ఆమె ఆయన్నే చూస్తోంది. త్వరగా దించేయొచ్చు, దించలేదు. వినాల్సినంతసేపు విననిచ్చింది. తర్వాత, మాస్టారు వద్దన్న మోచేతిని బల్లకు ఆనించి, చేతిని మెల్లగా కిందికి తెచ్చింది. ఈల లావైంది, బొంగురుపోయింది, విడివిడిగా కొట్టుకుంది, ఒకటి, ఇంకొకటి, ఆగిపోయింది.

చప్పట్లు మోగాయి. మాస్టారు తడి కళ్లతో పరిగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, ఆ రేకు విప్పడం, అది మనం అనుకోలేదు, ఎంత గొప్పగా" అని ఏదేదో అంటున్నాడు.

"మాస్టారూ, మీరు కాసేపు అవతలికి వెళ్లండి" అంది అత్తయ్య.

మా ఆయన వచ్చాడు. ఎర్ర సెట్టు ఇంకా చేతిలోనే ఉంది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఎనిమిది నెలలు."

"నాన్నకూ ఇలాగే..." ఆయన సెట్టును బల్ల మీద పెట్టాడు. "ఇలాగే కదమ్మా మొదలైంది. రేపు పొద్దున్నే తాళం వేస్తాను. నువ్వేం చెప్పినా వినను."

"వణికినందుకు పోలేదురా మీ నాన్న" అంది అత్తయ్య. "దాచినందుకు పోయాడు. పక్కనే స్టూలు మీద కూర్చున్నదాన్ని, నాకూ చెప్పలేదు. నేనూ అదే పని చేశాను. ఇవాళ ఊరందరి ముందూ విప్పాను, ఇంక దాచడానికేముంది? కరెంటు సెట్లు ముట్టను. నీ మీద ఒట్టు. రోగమేంటో చెవితో నేను చెబుతాను. టంకం ఇది వేస్తుంది."

ఇది అంటే నేను.

"నేనా?" అన్నాను.

"ఎనిమిది నెలలుగా ఎవరు వేస్తున్నారు మరి?" అంది. "నా టంకం ఆవగింజంత ఉంటుంది. నీది శనగగింజంత. మూత తీసిన ప్రతి సెట్టులో కనపడుతూనే ఉంది."

కిటికీ తెరిచి కొంగుతో పొగ విసిరిన ఆ మధ్యాహ్నాలన్నీ గుర్తొచ్చాయి. నేను విసురుతుంటే ఆమె లోపలి గదిలో కళ్లు తెరుచుకొని పడుకొని ఉండేదన్నమాట.

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు?"

"నువ్వెందుకు ఊరుకున్నావో, అందుకే" అంది.

అంతమంది మధ్య నిలబడి నేను వెక్కివెక్కి ఏడ్చాను. మా ఆయన వంగి, కుర్చీల కింద వెతికి, దొర్లిపోయిన ఆ స్క్రూ తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు. అది ఆయన చేతిలోనూ వణుకుతూనే ఉంది.

మర్నాడు పొద్దున అత్తయ్య నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, తను మామయ్య వేసిన స్టూలు మీద కూర్చుంది. సొరుగు లోపలికి తోసేసింది. డిపోకు బయల్దేరుతూ మా ఆయన గుమ్మంలో ఆగాడు. తలుపు వెనకనుంచి తాళం తీశాడు. నా చేతిలోని ఐరన్ ఆగిపోయింది. ఆయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకున్నాడు. ఇంకో చేత్తో సంచిలోంచి ఎర్ర సెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నిన్నటినుంచి ఈల వేస్తోందమ్మా. ఏదో మీట తిప్పేశాను."

అత్తయ్య దాన్ని చెవికి ఆనించుకొని వింది. "వరసలో పెట్టు, చూస్తాం" అంది. తర్వాత నా చేతివైపు వంగి, "సన్నగా వెయ్యవే" అంది.